పూరేడుపిట్ట కాపురం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి అన్నీ తెలుసు. తెలియనివేవైనా ఉంటే చెప్పడానికి ఆస్థాన పండితుడున్నాడు. ఇద్దరికీ తెలియనిది లోకంలో లేనట్టే లెక్క.

రాజు పేరు జయసింగరాయలు. అంతఃపురం వెనక ఆయనకు పెద్ద పెరటితోట ఉండేది. ఆ తోటకు నీళ్లు పెట్టేదీ, పాదులు చేసేదీ, కొమ్మలు కత్తిరించేదీ పదిమంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద చెంగమ్మ. తల్లి తర్వాత ఆ పని ఆమెకు వచ్చింది, పనితో పాటు బావి పక్కన రెండు గదుల ఇల్లూ వచ్చింది. పాతికేళ్లుగా తెల్లారేసరికి పార పట్టుకుని తోటలో దిగే మనిషి కనక, పిట్టల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ గోరింక ఏ తొర్రలో చేరిందో, ఏ తేనెపిట్ట ఏ కొమ్మకు గూడు వేలాడగట్టిందో కూత విని చెప్పేసేది.

పండితుడు విరూపాక్ష సోమయాజి ఆ రోజుల్లోనే పక్షిశాస్త్రం రాస్తున్నాడు. తోటలోకి ఎన్నడూ రాలేదు. బంట్లు ఏరి తెచ్చిన ఈకలు చూసి సభామంటపంలో కూర్చునే రాసేవాడు. ఒకరోజు రాజుకు చదివి వినిపించాడు.

"మగపక్షికి రంగు, గొంతు, పౌరుషం. ఆడపక్షికి గూడు, గుడ్లు, ఓర్పు. ఇది ప్రకృతి ధర్మం ప్రభూ. తమ తోటలో ఆడవాళ్లు పారలు పట్టుకు తిరగడం దీనికి విరుద్ధం."

రాజుకు ఆ మాట ఎంతో నచ్చింది. "పిట్టకున్న ధర్మం మనిషికి లేకపోతే ఎలా? నా తోటలో పిట్టలది ఏ ధర్మమో నా కోటలోనూ అదే ధర్మం. శాసనం రాయండి. పౌర్ణమి నుంచి తోటపని మగవాళ్లది. ఆడవాళ్లు ఇళ్లకు పోయి గుడ్లు... అంటే, పిల్లల్ని చూసుకుంటారు."

పని పోతే బావి పక్క ఇల్లూ పోతుంది. కబురు విని తోటలో ఆడవాళ్లు శోకాలు పెట్టారు.

"ఏడుపులు తర్వాత. ముందు కాకరపాదుకు నీళ్లు పెట్టండి," అంది చెంగమ్మ. తను గోంగూర మడి దాకా పోయి, ఆకులు తప్పించి చూసి, నేరుగా రాజు దగ్గరికి వెళ్లింది.

"ధర్మం మంచిదే ప్రభూ. కానీ మేం చదువుకోనివాళ్లం. పండితులవారు ఒక్క జంటను చూసి, ఇది మొగుడు, ఇది పెళ్లాం అని చెబితే మాకు బోధపడుతుంది. మారుమాట లేకుండా పోతాం."

మర్నాడు పొద్దెక్కాక రాజూ పండితుడూ చిక్కుడు పందిరి చాటున కూర్చున్నారు. ఎదుట గోంగూర మడి. మొదళ్లలో, నేల మీద, పూరేడుపిట్ట గూడు. పిట్టలు దూరంగా ఉండగా చెంగమ్మ ఆకులు తొలగించి చూపించింది. మూడు గుడ్లున్నాయని రాజే చెప్పాడు.

కాసేపటికి నల్లటి గొంతున్న పూరేడొకటి మడి గట్టెక్కింది. ఒళ్లు ఉబ్బించి, దూరంగా డోలు మోగినట్టు కూసింది. అలాంటిదే ఇంకొకటి వస్తే దుమ్ము లేచేలా తరిమికొట్టింది. వెలిసిపోయిన రంగు పిట్ట, కొంచెం చిన్నది, గూడు చుట్టూ తల వంచుకుని తిరుగుతోంది.

"సందేహమేముంది?" అన్నాడు సోమయాజి. "ఆ నల్లగొంతువాడు మగడు. ఏం గర్జన! ఏం పౌరుషం! అచ్చం మన ప్రభువులే. ఆ చప్పిడి రంగుది ఆడది. గూడు వదలడం లేదు చూడండి. మహా పతివ్రత!"

రాజు మీసం దువ్వుకున్నాడు.

"కాస్త రాసిస్తారా అయ్యవారూ? మావాళ్లు నా మాట నమ్మరు," అంది చెంగమ్మ.

పండితుడు రాసిచ్చాడు. రాజు ముద్ర కూడా వేశాడు.

ఇంతలో నల్లగొంతు పిట్ట గట్టు దిగి వచ్చి గూట్లో కూర్చుంది.

"భార్యకు తోడు వచ్చాడు. ఎంత అనురాగం!" అన్నాడు సోమయాజి.

ఆ పిట్ట చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, రెక్కలు దులుపుకుని, వెనక్కి చూడకుండా పక్క మడిలోకి పోయి మళ్లీ డోలు వాయించడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చూడండి ప్రభూ," అని చెంగమ్మ ఆకులు తొలగించింది.

నాలుగు గుడ్లు.

"మగడు గుడ్డు పెట్టాడు అయ్యవారూ," అంది చెంగమ్మ నింపాదిగా. "రాసుకోండి."

ఆకులు మళ్లీ సర్ది పక్కకు తప్పుకుంది. చప్పిడి రంగు పిట్ట వచ్చి నాలుగు గుడ్లనూ పొట్ట కిందికి సర్దుకుని కూర్చుంది.

"ఆ పొదిగేవాడు మొగుడు. పూరేడుల కాపురం ఎప్పుడూ ఇంతే ప్రభూ. గుడ్లు పెట్టాక ఆడది ఇంకో మొగుణ్ణి చూసుకుంటుంది. పిల్లల్ని సాకడం వీడి పని. పొద్దున్నే తోటలోకొస్తే ఎవరికైనా కనబడుతుంది." చెంగమ్మ చేతులు దులుపుకుంది. "పిట్టల ధర్మమే కోట ధర్మమని ఏలినవారు సెలవిచ్చారు. రాకుమారుడికి పొద్దున్నుంచీ కడుపునొప్పట, ఒకటే ఏడుపు. తమరు ఉయ్యాల దగ్గరికి వెళ్తే, సభకు రాణిగారు వెళ్తారు. నేను కబురు చెప్పి రానా? ఆ ఇంకో మొగుడి సంగతి మాత్రం నేను చెప్పను. అది తమరే చెప్పుకోండి."

రాజు ఆమె వంక కోపంగా చూడబోయాడు. చూడలేకపోయాడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. ఆయన నవ్వుకు చిక్కుడు పందిరి మీది పిగిలిపిట్టలన్నీ లేచిపోయాయి.

శాసనం అక్కడే చింపించాడు. ఏడాదిపాటు రోజూ తెల్లారి తోటకు వచ్చి, కళ్లతో చూశాకే ఇంకో అక్షరం రాయాలని సోమయాజికి ఆజ్ఞాపించాడు. ఆడవాళ్ల పని ఎప్పటిలాగే ఉంటుందన్నాడు. బావి పక్క ఇల్లు, మునగచెట్ల దాకా నేల చెంగమ్మకు శాశ్వతంగా ఇచ్చాడు.

లేఖకుడు తాటాకు తీసి గంటం ఆనించాడు. "ఎర్రన్న భార్య చెంగమ్మకు..."

"ఆగు నాయనా," అంది చెంగమ్మ. "ఎర్రన్న మంచివాడే. కానీ ఈ తోటలో ఒక్క పాదు చేసి ఎరగడు. చెంగమ్మ అని రాయి, చాలు."

రాజు మళ్లీ నవ్వాడు. ఆ ఆకు అవతల పారేయించి, కొత్త ఆకు తెప్పించాడు.