మంచు కింద మూడు గొంతులు

ఉత్తరాన మంచుకొండల నడుమ తెల్లచరియ అని ఒక దేవదారు అడవి ఉండేది. అందులో జింకలు, గుంటనక్కలు, ఉడుతలు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. చలికాలం వచ్చిందంటే ఎలుగుబంటి గుహలో దూరి గురక పెట్టేది. జింకలు కింది లోయకి దిగిపోయేవి. ఎక్కడికీ పోకుండా, పడి నిద్రా పోకుండా, పిల్లాపాపలతో ఆ మంచు కింద బొరియల్లోనే కాపురం చేసేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు కుందేలమ్మ ధవళ, ఇంకొకరు ఎలుకమ్మ నూకాలు. ఇద్దరి బొరియలూ ఒకే కొండవాలు మీద ఉండేవి.

ధవళకి ముగ్గురు పిల్లలు. పెద్దది జాజి, రెండోది మల్లి, చిన్నవాడు తుమ్మి. నూకాలుకి తొమ్మిదిమంది. వాళ్ళందరి పేర్లూ చెబుతూ కూర్చుంటే కథ సాగదు. పెద్దపిల్ల పేరు గిలక. ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి, చాలు.

ఆ ఏడు మంచు తొందరగా మొదలైంది. మొదలైంది కానీ ఆగలేదు. వారమైంది, నెలైంది, రెండు నెలలైంది. పిల్లలు గడప దాటడానికి లేదు. చిన్నపిల్లల్ని నెలల తరబడి ఒకే గదిలో ఉంచడం అంటే ఏమిటో మీ అమ్మనడగండి. వాన పడి బడికి రెండు రోజులు సెలవిస్తేనే ఆవిడ తల పట్టుకుంటుంది.

నూకాలు ఇంట్లో తొమ్మిదిమందీ ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. ఎండుగడ్డి పోగు ఎక్కి కిందికి దూకేవాళ్ళు. దేవదారు కాయని దొర్లించి దాని వెంటపడేవాళ్ళు. ఒకరి తోక ఒకరు పట్టుకుని రైలాట ఆడేవాళ్ళు. ముందున్నవాడు పడితే తొమ్మిదిమందీ పడేవాళ్ళు. పడ్డాక, ఎవరి వల్ల పడ్డామో తేల్చుకోవడానికి కొట్టుకునేవాళ్ళు.

సాయంత్రానికి నూకాలుకి తల ప్రాణం తోకకొచ్చేది. ఎలుక తోక మరీ పొడుగు కదా, అంతదూరం రావాలి పాపం!

"ఒరేయ్, కాసేపు నోళ్ళు మూసుకోండర్రా!" అని అరిచేది.

వాళ్ళు మూసుకునేవాళ్ళు. అంతలో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవాళ్ళు. అది చూసి నూకాలుకి కూడా నవ్వొచ్చేది. ఇంక మళ్ళీ గోల మామూలే. గింజలు నములుతూ కూడా గోలే.

ధవళ ఇంట్లో అలా కాదు. చీమ చిటుక్కుమంటే వినిపించేది. పిల్లలు గుసగుసగా మాట్లాడాలి. దూకకూడదు, దొర్లకూడదు. తుమ్మొస్తే ముక్కు గడ్డిలో దాచుకుని తుమ్మాలి. పొద్దున్నే పాఠాలు ఉండేవి. అవీ గుసగుసగానే అప్పజెప్పాలి. ఒకరు తప్పు చెబితే మిగతా ఇద్దరూ అప్పటికప్పుడు దిద్దాలి. పాఠాల్లో మాత్రం ముగ్గురూ చురుకే, ఆ మాట ఒప్పుకోవాలి.

ధవళ ఏనాడూ పిల్లల మీద గొంతెత్తి ఎరగదు. కళ్ళెర్రజేస్తే చాలు. కుందేలు కళ్ళు అసలే ఎర్రన, ఇంక ఎర్రజేస్తే చెప్పాలా?

ఆమె బయటికి వెళ్ళే ముందు రోజూ ఒకే మాట చెప్పేది. "నేను లేనప్పుడు ఎవరు పిలిచినా పలక్కండి. గుంటనక్క గొంతు మార్చి, 'అమ్మనొచ్చా' అంటుంది. నా గొంతు గుర్తుపట్టాకే పలకండి."

మంచి మాటే, నేనూ కాదనను. చిక్కల్లా ధవళకి తన పెంపకం మీదున్న గర్వంతోనే వచ్చింది.

మంచు కాస్త తెరిపి ఇచ్చిన రోజున తల్లులిద్దరూ తిండి కోసం బయటికొచ్చేవాళ్ళు. అలాంటి ఒక రోజున ధవళ అంది, "ఏం నూకాలూ, నిన్న మీ ఇల్లు గానీ కూలిందా? ఒకటే చప్పుడు!"

"కూల్లేదు వదినా. మావాళ్ళు పెళ్ళి ఆట ఆడారు. పెళ్ళికూతురు మాత్రం దొరకలేదు. అందరికీ డప్పు కొట్టడమే కావాలట."

"నువ్వే వాళ్ళని నెత్తికెక్కించుకున్నావు. మావాళ్ళని చూడు, ఉన్నారా లేరా అన్నట్టుంటారు."

"పిల్లలన్నాక ఉన్నట్టు తెలియాలి కదా వదినా!"

"పెంపకం అందరికీ చేతకాదులే!" అని ధవళ మూతి తిప్పుకుంది.

నూకాలు నవ్వి ఊరుకుంది. ఆ మాట మనసులో గుచ్చుకుంది, కానీ మంచులో ఉన్న ఒక్క పొరుగింటితో తగువెందుకు?

ఇంకొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం చక్కగా ఎండ కాసింది. ధవళ పిల్లలకి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పి, లేత బెరడు కోసం పక్క కొండ మీదికి వెళ్ళింది. ఆ ఎండకి పైకొండ మీద పేరుకున్న మంచు సడలింది. సడలి, దడదడమంటూ కిందికి జారింది.

ధవళ పరుగున వచ్చి చూసేసరికి ఇల్లు కనబడలేదు. గుమ్మం పక్కనుండే బండ లేదు. బండ పక్కనుండే పొద లేదు. ఎటు చూసినా ఒకటే తెలుపు, ఒకటే చదును.

ముగ్గురు పిల్లలూ ఆ మంచు కిందే ఉన్నారు. బొరియలో ఉన్న గాలి మహా అయితే పొద్దుగుంకేదాకా వస్తుంది. ఆ తర్వాత?

ధవళ ఒకచోట తవ్వింది. రాయి తగిలింది. ఇంకోచోట తవ్వింది. మంచు కింద మంచే ఉంది. ఇలా తవ్వుకుంటూ పోతే కొండవాలంతా తవ్వాలి. అంత పొద్దు లేదు.

"జాజీ! మల్లీ! తుమ్మీ! ఎక్కడున్నార్రా? పలకండర్రా!" అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు చించుకుని అరిచింది.

కింద చీకట్లో పిల్లలు ముగ్గురూ ఒకరినొకరు కరుచుకుని కూర్చున్నారు. ఆ కేక వాళ్ళకి వినిపించింది.

"అమ్మ!" అన్నాడు తుమ్మి గుసగుసగా.

"ఛ, అమ్మ కాదు. అమ్మ ఎప్పుడైనా అరిచిందా?" అంది జాజి, ఇంకా గుసగుసగా.

"నక్కే. గొంతు మార్చింది. అమ్మ గొంతు ఇంత బొంగురుగా ఉంటుందా?" అంది మల్లి.

"నాకు భయమేస్తోంది. ఏడవనా?"

"ఏడు. కానీ మెల్లగా ఏడు."

తుమ్మి మెల్లగా ఏడ్చాడు. చూశారా ఎంత బుద్ధిమంతులో! నాకైతే ఆ బుద్ధిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కడుపు తరుక్కుపోతుంది కూడా.

నూకాలు ఇల్లు కొండవాలుకి అవతలి అంచున ఉండబట్టి, జారిన మంచు అక్కడిదాకా రాలేదు. ధవళ అరుపు మాత్రం వినిపించింది. "ధవళొదిన అరవడమా!" అని నూకాలు చేతిలో గింజ పారేసి పరుగెత్తింది. ఆమె వెనక తొమ్మిదిమందీ పరుగెత్తారు.

"నా పిల్లలు, నూకాలూ! ఎక్కడ తవ్వాలో తెలీడం లేదు. పిలిస్తే పలకడం లేదు. పలకొద్దని నేనే నేర్పాను. నేనే నేర్పాను!" అని ధవళ మంచులో కూలబడి భోరుమంది.

ఇంకొకరైతే అప్పుడు దెప్పిపొడిచేవాళ్ళు. నూకాలు అలాంటిది కాదు.

"ఏడుపు తర్వాత, వదినా. చెవులు నీవే పెద్దవి. మంచు మీద ఆనించి విను. మావాళ్ళు పిలుస్తారు, నోళ్ళు వాళ్ళవి పెద్దవి" అంది.

తొమ్మిదిమందీ కొండవాలంతా పరుచుకుని అరిచారు. "జాజీ! మల్లీ! తుమ్మీ!" ఉడుతలు కొమ్మల్లోంచి తొంగి చూశాయి. ఎలుగుబంటి నిద్దట్లో గురక ఆపి అటు ఒత్తిగిల్లింది. మంచు కిందనుంచి మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు.

"నక్కలు గుంపుగా వచ్చాయి" అంది కింద జాజి. ముగ్గురూ నోళ్ళు ఇంకా బిగించుకున్నారు.

పొద్దు దేవదారు కొమ్మల దాకా దిగింది. ధవళ మంచు మీదనుంచి చెవి ఎత్తలేదు.

అప్పుడు గిలక వచ్చి ధవళ పక్కన నిలబడింది. "అత్తా, పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు పలకరు. తప్పు చెబితే మాత్రం ఊరుకోరు. మొన్న మంచు తెరిపిచ్చిన రోజున మీ గుమ్మం దగ్గర నేనేదో పాఠం తప్పు చెప్పానని ముగ్గురూ నా మీద పడ్డారు. నన్నొకసారి అరవనీ. నాకు తప్పులు చెప్పడం బాగా వచ్చు."

గిలక ఒకచోట మంచులో గుంట చేసి, మూతి అందులో పెట్టి అరిచింది. "ఏడాదికి ఋతువులు ఎన్నీ? నాలుగూ!"

ఏమీ వినబడలేదు. గిలక ఇంకొంచెం పైకెళ్ళి ఇంకో గుంట చేసింది. "వసంతం తర్వాత ఏమిటీ? హేమంతమూ!"

కింద మల్లికి ఒళ్ళంతా దురద పుట్టింది. "తప్పు" అంది మెల్లగా.

"ఊరుకో!" అంది జాజి. అంది కానీ, తనకీ పళ్ళు పటపటమంటున్నాయి.

"శిశిరం తర్వాత ఏమిటీ? మళ్ళీ శిశిరమే! ఈ మంచు ఇంక పోదు! ఎప్పటికీ ఇంతే!" అని అరిచింది గిలక.

తుమ్మి ఇంక ఆగలేకపోయాడు. "కాదూ! శిశిరం తర్వాత వసంతం!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడంటే తన గొంతుకి తనే జడుసుకున్నాడు. అక్కలిద్దరికీ ఆ అరుపు అంటుకుంది. "వసంతం! వసంతం!" అని వాళ్ళూ అందుకున్నారు. ముగ్గురికీ నక్కా గుర్తులేదు, నియమమూ గుర్తులేదు.

ధవళ చెవులు రెండూ నిటారుగా లేచాయి. "అదిగో! ఆ పైన! అరవండమ్మా, ఆపకండి! ఇంకా గట్టిగా!"

ధవళ ముంగాళ్ళతో మంచుని చిమ్మింది. నూకాలు, పిల్లలు పక్కలనుంచి సొరంగాలు తవ్వారు. కిందనుంచి "వసంతం! వసంతం!" అన్న అరుపులు దగ్గరవుతూ వచ్చాయి. చివరికి మంచు పెళ్ళ ఒకటి లోపలికి విరిగిపడి, ఆ కంతలోంచి తుమ్మి ముక్కు బయటికొచ్చింది. ఇంకా కాస్త ఎండ ఉంది. ఆ ఎండ వాడి ముక్కు మీద పడింది.

ధవళ ముగ్గుర్నీ బయటికి లాగి, తడిమి తడిమి చూసుకుంది. పిల్లలు తల్లిని వింతగా చూశారు.

"అమ్మా, ఇందాక అరిచింది నువ్వేనా?" అంది జాజి.

"నేనేనమ్మా."

"అయితే ఇంకోసారి అరవమ్మా. ఈసారి గుర్తుపెట్టుకుంటాం" అన్నాడు తుమ్మి.

ధవళ కన్నీళ్ళు తుడుచుకుని, కొండ దద్దరిల్లేలా వాళ్ళ పేర్లు పెట్టి అరిచింది. ముగ్గురూ చెవులు నిక్కించి విన్నారు. "బాగానే ఉంది. కాస్త బొంగురు" అంది మల్లి.

ధవళ నూకాలు దగ్గరికి వెళ్ళి తల దించుకుంది. "పెంపకం అందరికీ చేతకాదన్నాను. నాకే చేతకాలేదు నూకాలూ."

"ఊరుకో వదినా. వాళ్ళ నోరు తెరిపించింది నువ్వు చెప్పిన పాఠమే కదా! మావాళ్ళయితే ఋతువులు పన్నెండన్నా తలూపుతారు" అంది నూకాలు. గిలక ఎటో చూసింది. ఆమె చెప్పిన తప్పుల్లో ఒకటి రెండు కావాలని చెప్పినవి కావు మరి.

ధవళ బొరియ నిండా మంచే. మళ్ళీ తవ్వుకోవాలంటే వసంతం రావాలి. అందుకని నూకాలు వాళ్ళని తన ఇంటికి తీసుకుపోయింది. కుందేళ్ళు పట్టేలా ధవళే గోడ తవ్వి గది పెద్దది చేసింది.

ఇంక చూడండి ఆ ఇంటి సంబరం! పన్నెండుమంది పిల్లలు, ఒక్కటే గది. మొదటి నాలుగు రోజులు ధవళ చెవులు రెండూ మడిచి మూసుకుని కూర్చుంది. అయిదో రోజున ఒక చెవి తెరిచింది. పొద్దున జాజి అందరికీ పాఠాలు చెప్పేది, గొంతెత్తి చెప్పేది. మధ్యాహ్నం గిలక ఆ ముగ్గురికీ గడ్డిపోగు మీదనుంచి దూకడం నేర్పేది. ధవళ బెరడు తెచ్చేది, నూకాలు గింజలు తీసేది. అందరూ ఒకచోటే పడుకోవడంతో చలి కూడా అంతగా తెలియలేదు.

బయట మంచు ఇంకా కురుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం తల్లులిద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని, లోపలికి వచ్చిన మంచు ఎత్తి పోస్తున్నారు. ఉన్నట్టుండి ధవళ చటుక్కున ఆగింది.

"నూకాలూ, ఏమిటిది? ఏమీ వినబడటం లేదు!"

"నిద్రపోయారేమో వదినా."

"పన్నెండుమందీ ఒకేసారా?" అని ధవళ ఒక్క గెంతులో లోపలికి పడింది. "ఏమర్రా! ఏమైందర్రా! ఒక్కరైనా అరవరేం?" అని గొంతు చించుకుంది.

పన్నెండుమందీ వరసగా గోడకి ఆనుకుని కూర్చున్నారు. పన్నెండు జతల బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. నూకాలు వసంతం కోసం దాచిన ఎండుపళ్ళ గూడు ఖాళీగా ఉంది. తుమ్మి నోరు తెరవబోతే పండు కాస్తా కిందపడింది. వాడు గబుక్కున తీసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

ధవళ వాళ్ళని చూసింది. కళ్ళెర్రజేద్దామనుకుంది. చేతకాలేదు. నవ్వు తన్నుకొచ్చి, నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. పిల్లలు కూడా పళ్ళు మింగి మరీ నవ్వడం మొదలుపెట్టారు.

గుమ్మం దగ్గరనుంచి నూకాలు చెవులు మూసుకుని అరిచింది. "కాస్త మెల్లగా వదినా! ఇల్లు కూలేటట్టుంది!"

నీతి: పిల్లలకి నోరు మూసుకోవడం ఒక్కటే నేర్పితే, ఆపద వచ్చిన నాడు వాళ్ళ గొంతు మనకి వినబడదు.