రంగుల మాను ఎవరిది?

ఘాట్ రోడ్డు మలుపులో నర్సరీ లారీ ఒకటి కుదుపుకి ఒక మొక్కని జారవిడిచి వెళ్లిపోయింది. అది ముళ్లపంది ఏదమ్మ కంటబడింది. కనిపించిన వేరునల్లా తవ్వి తినడం ఏదమ్మ అలవాటు. దీన్నీ నోటిదాకా తెచ్చుకుంది గానీ, ఆకు వాసన చూసి ఆగిపోయింది.

"అమ్మా, ఇదేం మొక్కే?" అని తల్లిని అడిగింది.

"జామాయిలు. కొండ కింద తోటలన్నీ అవేగా," అంది ముసలి ముళ్లపంది.

"జామాయిలు ఆకు నలిపితే ముక్కు అదిరిపోతుంది. దీనికి వాసన ఉండీ లేనట్టుంది. ఆకు కూడా వెడల్పే. లేత కొమ్మ చూడు, గుండ్రంగా లేదు, పలకలు పలకలుగా ఉంది."

"ఉంటే ఏమయిందే?"

"ఇది పెద్దయితే ఎలా ఉంటుందో చూడాలనుంది."

ఆ పూటకి ఏదమ్మ పస్తు ఉంది. మొక్కని తీసుకెళ్లి వాగు ఒడ్డున నాటింది. నీళ్లు మోసే శక్తి తనకి లేదు. తవ్వడంలో మాత్రం తనని మించినవాళ్లు లేరు. వాగు నుంచి చిన్న కాలువ తీసి మొక్క మొదటికి మళ్లించింది. తడి ఆరకపోవడంతో మొక్క ఏపుగా లేచింది. దాని వేళ్ల పక్కనే బొరియ తవ్వుకుని కాపురం పెట్టింది ఏదమ్మ.

వానాకాలాలు గడిచాయి. తల్లి కాలం చేసింది. మొక్క నాటడం చూసినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒక ఏడాది మాను బెరడు పేలికలు పేలికలుగా ఊడడం మొదలుపెట్టింది. "దీనికి గజ్జి పట్టినట్టుంది," అని పెదవి విరిచి వెళ్లాడు ఎలుగుబంటి. ఏదమ్మకీ భయం వేసింది. కానీ పేలిక రాలిన చోట చూస్తే లేత చిలకపచ్చ. రోజూ వెళ్లి చూసేది. పచ్చ ముదిరి నీలమైంది. నీలం ఊదాకి తిరిగింది. ఊదా పోయి నారింజ వచ్చింది, చివరికి ఇటుక రంగుకి ఎండి మళ్లీ రాలింది. ఒక్కో చోట ఒక్కోసారి ఊడడంతో మాను నిలువునా రంగుల చారలే.

అడవంతా చూడ్డానికి కదిలింది. వెనకాలే నక్క జంబన్న దిగాడు.

"ఇది మా తాత నాటిన చెట్టు. చూడాలంటే తలా ఒక పండో గుడ్డో ఇక్కడ పెట్టాలి," అన్నాడు. ఏదమ్మ వైపు తిరిగి, "అత్తా, వానలు పడేలోగా నువ్వు బొరియ ఖాళీ చేసెయ్," అన్నాడు.

"నాటింది నేను నాయనా."

"చూసినవాళ్లని పిలువు మరి."

తగువు అడవిదున్న పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన చెట్టు చుట్టూ తిరిగి, సగం ఊడి వేలాడుతున్న పేలిక దగ్గర ఆగాడు.

"దీని కింద ఏ రంగు ఉంటుంది? పెంచినవాళ్లకి తెలియాలి. రేపు పొద్దున్న చెప్పండి. అంతవరకూ దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు."

తెల్లారి అందరూ చేరారు. జంబన్న ముందుకొచ్చి, "తెలుపు. కోసిన కొబ్బరి ముక్కలా తెల్లగా, తడిగా ఉంటుంది," అన్నాడు.

అంత ధీమాగా చెప్పేసరికి ఏదమ్మకి అనుమానం వచ్చింది. ఇన్నాళ్లుగా తను చూడని తెలుపు ఉందా? అయినా కళ్లారా చూసినదాన్ని కాదనలేక, "చిలకపచ్చ," అంది మెల్లగా.

దున్న ముక్కుతో గట్టిగా ఊదాడు. పేలిక రాలింది. కింద లేత చిలకపచ్చ.

"అదెలా? నిన్న చూస్తే తెల్లగానే ఉందిగా," అనేశాడు జంబన్న.

"నిన్న ఎక్కడ చూశావు?"

జంబన్న చూపు మాను అవతలి వైపుకి పోయింది. దున్న మాను అవతలికి వెళ్లాడు. అక్కడ పొద చాటున ఇంకా ఊడే ఈడు రాని బెరడుని ఎవరో గోళ్లతో చీల్చారు. లోపలి తెల్లని కర్ర బయటపడి జిగురు కారుతోంది. ఆ జిగురే జంబన్న గోళ్లకీ అంటుకుని ఉంది.

"పండని బెరడు ఒలిస్తే కనబడేది రంగు కాదురా, చెట్టు కండ," అన్నాడు దున్న. "పెంచినవాడివైతే ఆ పని చెయ్యడానికి నీకు చేతులొచ్చేవి కావు. చెట్టు ఏదమ్మది. నువ్వు వాగు దాటి ఇటు రావద్దు."

జంబన్న పోగేసుకున్న పండ్లూ గుడ్లూ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఏదమ్మ అతని వైపు చూడను కూడా లేదు. వాగులోంచి బురద తెచ్చి ఆ గాయానికి మెత్తుతూ కూర్చుంది.

చీల్చి చూసినవాడికి గాయమే కనబడుతుంది, కనిపెట్టుకుని ఉన్నవాడికే రంగు తెలుస్తుంది.