మడుగులో నిలబడ్డ ఆడవాళ్లు

పోలమ్మకు నలభై ఆరేళ్లు. ఏటిలో దిగేముందు అరచెయ్యి ముంచి నీటి వేడి చూసుకుంటుంది.

ఆ చైత్రంలో ఏరు సన్నబడి కాగిపోయింది. చేపలన్నీ చల్లగా ఉండే లోతు మడుగులోకి చేరాయి. సంస్థానం దివాను మాత్రం మిట్టమధ్యాహ్నం గొడుగు కింద కూర్చుని, మోకాలి లోతు నీళ్లలో గాలం వేసి, మూడు రోజులు ఒట్టి చేతులతో లేచాడు. తప్పు ఆయనదెలా అవుతుంది?

“ఆడగాలి తగిలి చేపలు పారిపోతున్నాయి. రేపట్నుంచి ఆడది ఏటిలో వల వేయకూడదు,” అన్నాడు.

వల వేయకపోతే జాలరివాడలో పొయ్యి వెలగదు. పోలమ్మ చేతులు కట్టుకుంది.

“నిజమే దొరా, మేమంటే చేపలకు హడలు. అందుకే మమ్మల్ని పొద్దస్తమానం ఆ మడుగులో నిలబెట్టండి. అక్కడివన్నీ తమరి గాలం దగ్గరికే పరుగెత్తుతాయి. వలలు మాత్రం ఉండనివ్వండి, మొండికేసి కదలనివాటిని తీసెయ్యాలిగా.”

“నీకూ బుర్ర ఉందే,” అని దివాను ఉత్తర్వు రాయించి ముద్ర వేశాడు.

సాయంత్రానికి ఆడవాళ్ల బుట్టలు నిండాయి. దివాను గాలానికి నాచు తగిలింది.

“ఇదేమిటే?”

“మీ ఉత్తర్వే దొరా. మమ్మల్ని చూసి చేపలు పారిపోవని ఇంకోటి రాయిస్తారా?”

తాను పొరబడ్డానని రాయించడం కంటే మడుగు వదులుకోవడమే ఆయనకు తేలికైంది.

పోలమ్మ అక్కడ మరో ఇరవై రెండేళ్లు చేపలు పట్టింది.