గుమ్మడికాయల దొంగ భుజం

రోగిని ముట్టుకునే ముందు "చెయ్యి వెయ్యమంటారా?" అని అడగడం ఫిజియోథెరపిస్టు భానోజీరావు గారికి ముప్పై ఏళ్ళ అలవాటు. వచ్చిందే వైద్యానికి కదా, మళ్ళీ ఈ అడగడాలేమిటని ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నీలవేణికి లోలోపల విసుగు.

ఒకరోజు పొద్దున్నే అడిగేసింది. "సార్, నిజంగా నొప్పి ఉన్నవాణ్ణీ, నటించేవాణ్ణీ కనిపెట్టడం ఎలా?"

"ఎవరిమీదమ్మా అనుమానం?" అన్నారాయన.

ఇంకెవరి మీద, గౌరునాయుడి మీద. గోనెసంచుల మిల్లులో బేళ్ళు మోసే మనిషి. కుడిభుజం మీద బేలు పడి ఆరు వారాలైంది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదంటాడు. అలాంటిది నిన్న సాయంత్రం బస్సులో అదే చేత్తో పై కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఉంటే నీలవేణి కళ్ళారా చూసింది. సోమవారం నుంచి అతను బరువులెత్తొచ్చా లేదా అని మిల్లుకి కాగితం రాయాల్సింది తనే. ఎత్తొచ్చని రాస్తే, ఒకవేళ భుజం మానకపోయి ఉంటే, ఆ చెయ్యి ఇక జన్మలో పనికిరాదు. అది ఆమెకూ తెలుసు. కానీ ఒకడు తనని వెర్రిదాన్ని చేస్తున్నాడన్న ఉక్రోషం ముందు ఆ తెలివిడి నిలవలేదు.

గౌరునాయుడు వచ్చి బల్లమీద కూచోగానే, "నిన్న బస్సులో కనిపించారే!" అంది నవ్వుతూ. అతని ఎడంచెయ్యి చటుక్కున కుడిభుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అన్నారా పెద్దలు! నీలవేణికి పట్టరాని సంతోషం వేసింది. ఇంక అడగడమూ లేదు, ఏమీ లేదు, ఆ చెయ్యి పట్టుకుని పైకి లేపింది. భుజం దాటింది, చెవి దాటింది, నిటారుగా తలమీదికి పోయింది.

"నొప్పా?"

"లేదమ్మా."

"ఇప్పుడు?"

"అబ్బే, ఏటీ లేదు."

"చూశారా సార్!" అంది.

భానోజీరావు గారు చేతివైపు చూడనేలేదు. ఆయన చూపంతా గౌరునాయుడి పాదాల మీదే ఉంది. నీలవేణీ అటు చూసింది. పది వేళ్ళూ ముడుచుకుపోయి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మెల్లిగా చెయ్యి దించింది.

ఆయన పొట్టి స్టూలు లాక్కుని అతని మోకాళ్ళ దగ్గర కూర్చున్నారు. "చెయ్యి వెయ్యమంటారా, నాయుడుగారూ?"

అంతే, ఆ మనిషికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "బస్సు కుదిపేసింది బాబూ. పడిపోతానని పట్టేసుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం ముద్ద ఎత్తలేకపోయాను. ఈ అమ్మేమో బస్సులో చూసేశారు. ఇంక నొప్పంటే నమ్ముతారేటి?"

నిజమేనా, లేక ఇదీ కట్టుకథేనా? నీలవేణికి అనుమానం అప్పటికీ చావలేదు. సిగ్గు మాత్రం ముంచుకొచ్చింది. అతను వెళ్ళాక మిల్లు కాగితం తీసి, "ఏం రాయమంటారు సార్?" అంది, తలెత్తకుండా.

"నిన్నటిదాకా ఆయన అబద్ధమాడారో లేదో నాకు తెలీదమ్మా," అన్నారు భానోజీరావు గారు. "ఇవాళ మాత్రం ఆడారు, నొప్పి లేదని. ఆ అబద్ధం నేర్పిందెవరో, ముందు అది రాయి."