జెల్ల ముల్లు

చెరువుగట్టున ఊరి బెస్తలంతా కలిసి పట్టిన జెల్లలు పెనం మీద వేగుతుంటే, ఆ వాసనకి దివాణం పేష్కారు గుర్రం దిగాడు.

"చెరువు రాజుగారిది. అందులో చేపలన్నీ రాజుగారివే. పెనంతో సహా ఇటు తెండి!"

పెనం దగ్గరున్న దాలమ్మ తన మొగుడి చెయ్యి చూపించింది. పొద్దున జెల్ల ముల్లు గుచ్చుకుని బూరెలా ఉబ్బి ఉంది.

"చిత్తం బాబూ. అయితే ఈయన్ని పొడిచింది కూడా రాజుగారి చేపే. చెయ్యి నయమయ్యేదాకా మాకు గింజలు దివాణమే పంపాలి."

పేష్కారు ఉలిక్కిపడ్డాడు. "నీళ్లలో చేపకి రాజుగారి పూచీ ఏమిటి? పట్టుకునేదాకా అది ఎవరిదీ కాదు!"

"పట్టుకున్నది మేమే బాబూ."



ఆనవాయితీగా దాలమ్మ తొలి ముక్కని దండం పెట్టి చెరువుతల్లికి వదిలింది. రెండోది ఆకులో పేష్కారుకిచ్చింది.

"మాకు తిండి మిగిల్చే తీర్పు చెప్పారు, మీ మేలు మరిచిపోం. ముల్లు చూసుకుని తినండి."