ఉత్తరేణి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది

ఒకప్పుడు మా ఉత్తరేణి గింజ ఒక్కటి కావాలంటే గోదారి దాటాలి. పడవవాణ్ణి బతిమాలుకోవాలి. లంక చివరిదాకా ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ రావాలి. ఇంతా చేసి వచ్చాక దొరుకుతుందన్న నమ్మకం కూడా లేదు.

నేనూ ఉత్తరేణినే. గట్టు మీద మీ మోకాలెత్తున పెరిగే మొక్కని. నవ్వొస్తే నవ్వండి, మాకు అలవాటే. ఇవాళ మేము లేని గట్టు లేదు, కంచె లేదు, బడిగోడ లేదు. మమ్మల్ని పీకి పారేసేవాళ్ళు పీకేముందు మా పేరైనా అడగరు. కానీ ఆ రోజుల్లో మేము చాలా గొప్పవాళ్ళం. కనీసం మేమలా అనుకునేవాళ్ళం.

అప్పట్లో మా గింజలు మినుముల్లా నున్నగా ఉండేవి. పట్టుకుంటే జారిపోయేవి. ముల్లన్న మాటే లేదు. కంకి మీద ప్రతి గింజా ఆకాశంకేసి చూస్తూ నిలబడేది. ఆకాశానికి మాతో ఏం పనో ఎవరం ఆలోచించలేదు.

భూమ్మీద ఉన్న ఉత్తరేణులన్నీ ఆ లంక చివర ఒక్క చోటే ఉండేవి. మధ్యలో మా ముత్తవ్వ, చుట్టూ ఆమె పిల్లలు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ ఇరుగ్గా బతికేవాళ్ళు. ముత్తవ్వ పుల్లతో పళ్ళు తోముకుంటే పంటిపోటు తగ్గుతుందనీ, ఆమె ఆకు పసరు రాస్తే తేలు కుట్టిన మంట చల్లారుతుందనీ జనం చెప్పుకునేవారు.

"మందు గుట్టుగా ఉంటేనే పారుతుంది" అనేది ముత్తవ్వ. "నలుగురి పెరళ్ళలో పడితే ఇంక పారదు."

అది పైకి చెప్పే మాట. పిల్లలతో మాత్రం, "ఊరికో ఉత్తరేణి మొలిస్తే ఇంక నన్నెవరు చూస్తారే?" అనేది. అసలు సంగతి అదీ.

ఒకసారి గాలి అటుగా వచ్చింది. జిల్లేడు గింజలకి దూది రెక్కలు తొడిగి వస్తూ ముత్తవ్వ దగ్గర ఆగింది.

"ఉత్తరేణత్తా, నీ పిల్లలకీ రెండేసి దూదిపోగులు పెట్టమంటావా? అవతలి ఒడ్డున దింపేస్తాను" అంది.

"మా పిల్లలు గాలి తిరుగుళ్ళు తిరిగేవాళ్ళు కారు" అంది ముత్తవ్వ.

గాలి మొహం మాడ్చుకుంది. మిగిలిన దూది కూడా జిల్లేడుకే ఇచ్చేసి వెళ్ళిపోయింది.

ఆ అవతలి ఒడ్డునే పేరంటాలు అని ఒకామె ఉండేది. ఆకులూ వేళ్ళూ తెలిసిన మనిషి. ఎక్కడా దొరకని మొక్కలు ఆమె పెరట్లో దొరికేవి. నల్లేరు, నేలవేము, తిప్పతీగ, ఇంకా పేరు తెలియనివెన్నో. ఎవరడిగినా కొమ్మ విరిచి ఇచ్చేది. గింజలైతే వాళ్ళ కొంగున తనే ముడి వేసేది. "బతికించుకోండి, బతికాక ఇంకొకరికియ్యండి" అని చెప్పి పంపేది. ఊళ్ళో ఎవరు ఏ మొక్క నాటుకోవాలన్నా ముందు ఆమెనే పిలిచేవారు. చెయ్యి మంచిదని ఆమెకి అంత పేరు.

అన్నీ ఉన్నాయి గానీ ఆమె పెరట్లో ఉత్తరేణి లేదు. ఒకనాడు పడవెక్కి లంకకి వచ్చింది. మా ముత్తవ్వ ముందు గొంతుక్కూచుని దణ్ణం పెట్టింది.

"ఉత్తరేణమ్మా, మా ఊళ్ళో పంటిపోటొచ్చినోళ్ళు దవడ పట్టుకుని ఏడుత్తన్నారమ్మా. ఏరు పొంగితే పడవ కట్టేత్తారు. నీ దగ్గరికి ఎలా వత్తాం? నాలుగు గింజలియ్యి తల్లీ. పెరట్లో ఏసుకుంటాను. నీ పేరు చెప్పే అందరికీ ఇత్తాను" అంది.

ముత్తవ్వకి ఇవ్వబుద్ధి కాలేదు. లేదనడానికి మొహమాటం. మా వంశంలో ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉంటాయి. కాసేపు కంకి అటూ ఇటూ ఊపింది. చివరికి అడుగునుంచి తాలు గింజలు కాసిని రాల్చింది. తాలంటే తెలుసుగా, లోపల పప్పు లేని ఉత్త పొట్టు.

పేరంటాలు వాటిని కళ్ళకద్దుకుంది. కొంగున ముడి వేసుకుని, ముడిమీద చెయ్యి వేసుకునే పడవెక్కింది.

మన్ను మెత్తగా చేసింది. పేడ ఎరువు వేసింది. ఎండ తగలకుండా తాటాకు అడ్డం పెట్టింది. దోసిట్లో నీళ్ళు పోసుకుని వేళ్ళ సందుల్లోంచి చిలకరించింది. పొద్దున్నే లేచి మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి చూసేది. గరిక మొలిచింది. తుంగ మొలిచింది. ఉత్తరేణి మాత్రం మొలవలేదు.

మళ్ళీ పడవెక్కి వచ్చింది.

"మొలకెత్తలేదమ్మా. నేనేం తప్పు చేశానో తెలవట్లేదు" అంది.

ముత్తవ్వ అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్తే పరువు పోతుందనుకుంది. మొక్కకి పరువేమిటని నన్నడక్కండి, నేనూ ఆ ఇంటిదాన్నే.

"గింజలు బంగారంలాంటివి" అంది ముత్తవ్వ. "నీ చెయ్యే మంచిది కాదేమో చూసుకో."

పేరంటాలు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె మొక్క నాటడం మానేసింది. ఎవరైనా పిలిస్తే, "మీరే ఏసుకోండి, నా చెయ్యి మంచిది కాదంట" అనేది. ఎవరికీ గింజలు ఇచ్చేది కాదు. పెరట్లో మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి కూడా భయపడేది. తిప్పతీగ వడిలిపోయింది. నేలవేము ఎండిపోయింది.

ఈ కబురు గాలి మోసుకొచ్చి ముత్తవ్వ చెవిన వేసింది. ముత్తవ్వకి లోపలెక్కడో కలుక్కుమంది. "పాపం" అంది. అని ఊరుకుంది. పాపం అనడానికి ఖర్చేమీ లేదు కదా.

ఆ ఏడు గోదారికి ఎర్రనీరు ముందే వచ్చింది. వచ్చీ రాగానే లంక చివర ఇసక కొరకడం మొదలుపెట్టింది.

"పక్కకి జరగవే ఉత్తరేణీ, ఈసారి నాకిటే దారి" అంది గోదారి.

"జరగడానికి నాకు కాళ్ళేవమ్మా?"

"అయితే నీ గింజల్ని నలుగురికీ పంచి ఉండాల్సింది. నేను ఆగలేను, వెనకాల నుంచి ఒకటే తోపులాట" అని గోదారి ఇంకో పెళ్ళ విరుచుకుని పోయింది.

ముత్తవ్వకి అప్పుడు తెలిసొచ్చింది. పోతే తనొక్కతే పోదు. ఇంకెక్కడా ఒక్క ఉత్తరేణి కూడా లేదు. పిల్లా జెల్లా అందరూ ఆ కాస్త ఇసకమీదే ఉన్నారు.

"నాయనా గాలీ, ఆ దూదిపోగులు ఇంకా ఉన్నాయా?" అని పిలిచింది.

"అన్నీ జిల్లేడుకే ఇచ్చేశానత్తా. అయినా అంత నున్నటి గింజల్ని ఎక్కడని పట్టుకోను?" అంది గాలి.

అంతలో లంకలో మేస్తున్న మేకలు పడవ వైపు పరుగెత్తుతూ వచ్చాయి.

"ఓ మేకమ్మా! నేను ఉత్తరేణిని! నా గింజలు కాసిని తీసుకుపో!" అని అరిచింది ముత్తవ్వ.

"ఉత్తరేణా? అదెవరు?" అంది మేక. ఆగనైనా లేదు.

గుట్టంటే మా ముత్తవ్వదే గుట్టు. ఎంత బాగా దాక్కుందంటే, ఇదిగో ఇక్కడున్నానని అరిచినా ఎవరికీ తెలియలేదు.

మేకల వెనకాల వాటిని తోలుకుంటూ ఒకామె వస్తోంది. ఎవరో కాదు, పేరంటాలే. మొక్కలు మానేశాక ఆమె మేపుకుంటున్న మేకలవి.

"పేరంటాలూ!" అంది ముత్తవ్వ. "ఇవిగో గింజలు. గట్టివి. అన్నీ నీకే. నీ చేతుల్తో నాటుకో తల్లీ!"

పేరంటాలు గబగబా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపింది. చాపిన చెయ్యి చూసుకుని వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ వీపు వెనకాల కట్టేసుకుంది.

"వద్దమ్మా. నీకు మిగిలిందే ఈ గుప్పెడు. నేను ముట్టుకుంటే ఇయ్యి కూడా మొలవవు" అంది. పడవ వైపు తిరిగి కేకేసింది. "ఓ సూరన్నా! నువ్వొచ్చి నాలుగు గింజలు దులిపి తీసుకెళ్ళయ్యా!"

"గెడ వదిల్తే పడవ పోద్దండి! తొరగా వచ్చెయ్యండి, ఏరు మనకోసం ఆగుద్దేటండీ!" అని అరిచాడు పడవ సూరన్న.

ముత్తవ్వకి సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, ఏట్లో మునిగిపోతే బాగుండుననిపించింది. ఏరు ఎలాగూ ఆ పనిమీదే ఉంది.

"నీ చేతిలో తప్పేం లేదే!" అని ఏడ్చేసింది ముత్తవ్వ. "నేనిచ్చింది తాలు! ఉత్త పొట్టు! నీ చెయ్యి బంగారమే!"

పేరంటాలు కళ్ళు తుడుచుకుంది. "పొయ్యేముందు కూడా నన్ను ఓదారుత్తున్నావా తల్లీ! ఎంత మంచిదానివమ్మా" అంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెప్తే, అది కూడా మంచితనం కింద జమైపోయింది. ముత్తవ్వ తల వంగిపోయింది. ఆమె తలతోపాటు కంకిమీద ఆకాశం చూస్తున్న ప్రతి గింజా మొహం కిందికి తిప్పుకుంది. అదే సమయానికి చన్నీళ్ళు కాడ మొదలుకి తగిలాయి. ఒళ్ళంతా జలదరించింది. గింజ గింజకీ పొట్టు ముల్లులా నిక్కబొడుచుకుంది.

పేరంటాలు వెనుదిరిగింది. ఆమె చీర కుచ్చిళ్ళు ముత్తవ్వని రాసుకుంటూ వెళ్ళాయి.

"ఆమె చేతికి వెళ్ళకండి! చీర పట్టుకోండి!" అంది ముత్తవ్వ.

పట్టుకున్నాం. తలకిందులుగా, వరసల కొద్దీ, ఎవరికి దొరికిన దారం వాళ్ళం పట్టుకున్నాం. వెనకబడ్డవాళ్ళు, మందకి వెనకగా కుంటుకుంటూ వస్తున్న ఒక మేక బొచ్చు పట్టుకున్నారు. వెనకాల పెద్ద పెళ్ళ ఒకటి విరిగిపడింది. ముత్తవ్వ చివరికి ఏదో గొప్ప మాట చెప్పిందని చెప్పుకుంటే మాకూ బాగుండేది. "గట్టిగా, ఇంకా గట్టిగా" అన్నది ఒక్కటే వినపడింది. తర్వాత అక్కడ నీళ్ళున్నాయి.

పేరంటాలు ఇల్లు చేరి పెరటి గుమ్మంలో కూలబడింది. ముత్తవ్వని తలుచుకుని ఏడుస్తోంది. మడమ దగ్గర ఏదో గుచ్చుకుంది. చూస్తే కుచ్చిళ్ళ నిండా ముళ్ళగింజలు. నున్నటి ఉత్తరేణి గింజలే ఆమెకి తెలుసు గానీ, ఈ అవతారం ఆమెకేం తెలుసు?

"ఏడుద్దామన్నా ఏడవనివ్వవు కదా, పాడు గింజలు!" అని ఒక్కొక్కటీ పీకి కంచె వైపు విసిరేసింది. మా వాళ్ళకి జరిగిన మొదటి నాట్లు అవే. పేడ ఎరువు లేదు, తాటాకు నీడ లేదు, తిట్లు మాత్రం దండిగా ఉన్నాయి.

వానలు పడ్డాయి. కంచె వెంట ఎర్రటి కాడలు లేచాయి. పేరంటాలు దగ్గరికి వెళ్ళి ఆకు తుంపి వాసన చూసింది. లంకలో ఎన్నిసార్లు దణ్ణం పెట్టిందో ఆ ఆకే. ఈ గింజలు ఇక్కడెవరు వేశారని అటూ ఇటూ చూసింది. తరవాత తన చేతులు చూసుకుంది.

అప్పుడు ఒక్క అరుపు అరిచింది. ఇరుగూ పొరుగూ పాము కరిచిందేమోనని కర్రలు పట్టుకుని వచ్చారు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో వాళ్ళకి తెలియలేదు.

"నా చెయ్యి మంచిదేనర్రా! ఆ తల్లి నిజవే చెప్పిందర్రా!" అంటోంది.

ఆ మధ్యాహ్నమే తిప్పతీగ కాడ అడిగి తెచ్చుకుని మళ్ళీ నాటింది. కంచె వెంట కంకులు ముదిరాక అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ మా గింజలు కొంగున కట్టి పంపింది. కొంగు ముడి విప్పితే మేమే బట్టకి పట్టుకుని ఉండేవాళ్ళం.

అప్పటినుంచే మా కంకి లేతగా ఉన్నప్పుడు ఎంత నిక్కి చూసినా, గింజ ముదరగానే తల దించుకుంటుంది. అప్పటినుంచే మేము గుట్టూ పరువూ వదిలేసి దారినపోయే చీరకీ, పంచెకీ, మేకకీ, ఎవరికైనా సరే అంటుకుపోతాం. మీరు తిట్టుకుంటూ పీకుతారు, చూడకుండానే విసిరేస్తారు. అక్కడే మొలుస్తాం. మమ్మల్ని పీకి విసిరిన చెయ్యి మంచిది కాకుండా పోవడం ఇంతవరకూ జరగలేదు.