లాభం లేని కుంచం

మద్దిమాకుల అడవి నుంచి పులి జమీందారు పారిపోయి మూడేళ్లయింది. ఎలా పారిపోయిందన్న దాని మీద రెండు కథలున్నాయి. ఎద్దులూ దున్నలూ కొమ్ములు దించి ఒక్కుమ్మడిగా మీద పడితే పారిపోయిందని చూసినవాళ్లు చెబుతారు. గుంటనక్క ముందు నడుస్తుంటే ఎద్దులు వెనకాల వచ్చాయని చిలుక చెబుతుంది. చిలుక రోజుకు నాలుగుసార్లు చెబుతుంది కాబట్టి అదే చరిత్ర అయింది.

పులి వదిలిపోయిన జొన్నచేను అందరిదీ అయింది. దున్నేవాళ్లు దున్నుతూనే ఉన్నారు, మోసేవాళ్లు మోస్తూనే ఉన్నారు. కళ్లం తొక్కేటప్పుడు గింజ నోటికందకుండా ఎద్దు మూతికి కట్టే చిక్కం కూడా పాతదే. కాకపోతే అప్పుడది పులి చిక్కం, ఇప్పుడది ఎద్దు సొంత చిక్కం. నక్క కార్యదర్శి అయింది. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గానీ, ఆ అడవిలో ఆ తోక దగ్గరకు పోయే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

పండినదాంట్లో సగం కొండవతల పై కమిటీకి, సగం పండించినవాళ్లకి అని చట్టం చేశారు. పులి మూడొంతులు మింగేది గనక ఈ చట్టం మంచిదేనని సోమయ్య కూడా ఒప్పుకున్నాడు. 

సోమయ్య ఎలుగుబంటి. కళ్లంలో ధాన్యం కొలవడం అతని పని. అతని తాతా కొలిచాడు, తండ్రీ కొలిచాడు, ముగ్గురిదీ ఒకటే వేపచెక్క కుంచం. కొలిచేవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. మొదటి కుంచాన్ని 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లక్ష్మిని ఒంటరిగా పిలవకూడదట. అలాగే ఆరు తర్వాత 'ఏడు' అనరు, 'ఆరున్నొకటి' అంటారు. ధాన్యపు రాశి ముందు నిలబడి 'ఏడు' అంటే దాన్ని ఏడవమన్నట్టేనని భయం. ఏటా సోమయ్య కళ్లం మధ్యలో నిలబడి "లాభం, రెండు, మూడు" అని ఎలుగెత్తి అంటుంటే చుక్కన్న చెవులు రిక్కించి వినేవాడు. చుక్కన్న ముసలి ఎద్దు. దున్నింది ఆయనే గనక ఆ పాట వింటే ఆయనకి కడుపు నిండినట్టుండేది.

ఆ ఏడాది పంట రెండు వందల కుంచాలు. ఎప్పటిలాగే పది కుంచాలకొక కుప్ప చొప్పున ఇరవై కుప్పలు పోశారు. ప్రతి కుప్పకీ లెక్క మళ్లీ మొదటి నుంచి. సోమయ్య మొదటి కుప్పలో కుంచం ముంచి "లాభం" అన్నాడో లేదో, భుజాన చిలుకతో నక్క వచ్చింది.

"ఆగాగు కామ్రేడ్ సోమయ్యా! ఏమన్నావిప్పుడు?"

"లాభం అన్నానండి."

"పులి ఎందుకు పారిపోయింది?"

"మా చుక్కన్న మామ పొడిస్తేనండి."

"కాదు! లాభం కోసం మన నెత్తురు తాగింది గనక పారిపోయింది. పులి పోయిన మూడేళ్లకి కూడా దాని మాట నీ నోట్లో మిగిలి ఉందంటే ఏమనుకోవాలి?"

"అలవాటండి. పోనీ ఒకటి అననా?"

నక్క ఒక్క క్షణం ఆలోచించింది. "ఒకటి ఎవరు? అందరం కలిసి పండించాక ఈ ఒక్కడెవడు? అది స్వార్థం మాట. అది కూడా వద్దు."

"మరి రెండు నుంచి మొదలవుతుందండి."

"మొదలవనీ. ఇంకోటి, ఆరున్నొకటి ఏమిటి? ఏడుని ఏడు అనడానికి భయమెందుకు? మూఢనమ్మకం! ఉన్నదున్నట్టు అను."

"చిత్తం" అన్నాడు సోమయ్య.

నాయకత్వం మాటని అక్షరం పొల్లుపోకుండా పాటించాలని ముందురోజే చిలుక చాటింది. అందుచేత సోమయ్య కుంచం ఎత్తి "ఏడు!" అని అరవగానే కళ్లం చుట్టూ ఉన్న గాడిదలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆజ్ఞ కాబోలనుకుని, గొల్లుమన్నాయి. కుప్పకొకసారి చొప్పున ఇరవైసార్లు ఏడ్చాయి. అవి ఆనందబాష్పాలని చిలుక ఆ సాయంత్రం అడవంతా చెప్పింది.

లెక్క పూర్తయితే రెండు వందల ఇరవై కుంచాలు తేలింది.

నక్కకి నమ్మకం కుదరలేదు. అది తెలివితక్కువది కాదు. కుప్పల చుట్టూ రెండుసార్లు తిరిగింది. పది కుంచాల కుప్పని రెండు నుంచి మొదలుపెడితే పదకొండు అవుతుంది. అంటే కుప్పకొక కుంచం ఉత్తినే పండింది. దాని మీసాలు మెల్లగా లేచాయి.

"కామ్రేడ్ సోమయ్యా, కుప్పలు ఇంత పెద్దవెందుకు? కుప్పకి ఒక్క కుంచం చొప్పున పోసి మళ్లీ కొలిచి చూడు."

సోమయ్యకి అర్థమైంది. కాదంటే పులి మనిషివంటారు. కిందటేడు ఆ మాట పడ్డ కుందేలు ఇప్పటికీ కొండరాళ్లు మోస్తోంది. అతను రెండు వందల చిన్న కుప్పలు పోశాడు. ఒక్కో కుప్పలో ఒక్కసారే కుంచం ముంచాడు, ముంచిన ప్రతిసారీ "రెండు" అన్నాడు. రెండు, రెండు, రెండు. పొద్దు వాలేసరికి పంట నాలుగు వందల కుంచాలైంది.

"ఒక్క పూటలో దిగుబడి రెట్టింపు!" అంది చిలుక.

నక్క కొండవతలికి కబురు పెట్టింది. పై కమిటీ మర్నాడే దానికి 'దిగుబడి వీరుడు' అని బిళ్ల పంపింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని చుక్కన్న గొణుక్కున్నాడు. 

"ఎందుకు రెట్టింపు చెప్పావోయ్ సోమయ్యా?" అన్నాడు తర్వాత. మామా అల్లుడూ అనుకోవడం పాతకాలపు వరసలని తీర్మానమైన దగ్గర్నుంచి వాళ్లిద్దరూ బయట కామ్రేడ్లు, కళ్లంలో మామా అల్లుళ్లు.

"నేను చెప్పలేదు మామా. కుంచం చెప్పింది."

"కుంచానికి నోరెక్కడిది? ఇక మొత్తుకుని ఏం లాభం!"

చెట్టుమీద చిలుక విననే విన్నది. నిషిద్ధ పదం వాడినందుకు చుక్కన్నకి రెండు రోజులు మేత ఆపారు.

మూడోనాడు పై కమిటీ నుంచి తాఖీదు వచ్చింది. నాలుగు వందల్లో సగం రెండు వందలు గనక, చట్టప్రకారం రెండు వందల కుంచాలు పంపమన్నారు. మద్దిమాకుల అడవిలో ఉన్నవే రెండు వందలు. అవి పోతే ఎండాకాలం అంబలికి గింజ ఉండదు. అంతకన్నా ఘోరం, తొలకరికి చల్లడానికి పక్కన పెట్టుకునే నలభై కుంచాల విత్తనాలూ పోతాయి. అంబలి లేకపోతే ఈ ఏడు చస్తారు, విత్తనం లేకపోతే ఇక ఏ ఏడూ బతకరు.

చుక్కన్న డొక్కలు ఎగరేసుకుంటూ కళ్లానికి వచ్చాడు. రెండు రోజుల పస్తుకి ఎముకలు తేలాయి. తిట్టలేదు. "నాగలి ఎక్కడ పెట్టమంటావు అల్లుడూ? ఇక దానితో పనేముంది?" అని మాత్రం అడిగాడు. 

సోమయ్యకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తాత కొలిచాడు, తండ్రి కొలిచాడు, ఒక్క గింజ అటూఇటూ కాలేదు. తన చేతిలో పడ్డాక ఆ కుంచం అడవి మొత్తాన్ని మింగేసింది. అతను దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూచున్నాడు. లోపల చూశాడు, బోర్లించి చూశాడు. తర్వాత లేచి చుక్కన్నతో "నాగలి ఎక్కడా పెట్టకు మామా, చేతికందేట్టు ఉంచు" అన్నాడు.

ధాన్యం తీసుకుపోవడానికి గాడిదలతో కొంగ వచ్చింది. కొంగ పై కమిటీ తనిఖీదారు. అది ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని తనిఖీ చేస్తుంది. కొంగజపమని వెనకాల నవ్వుకునేవారు గానీ, దాని చెవులు మాత్రం పాపం నిజంగానే పనిచేసేవి.

అందరూ చేరారు. సోమయ్య చేతులు కట్టుకుని అడిగాడు. "తనిఖీదారు గారూ, ఒక్క సందేహమండి. పులి పద్ధతిలో కొలవమంటారా, కమిటీ పద్ధతిలోనా?"

కొంగ ఒక కన్ను తెరిచింది. "రెండు పద్ధతులున్నాయా?"

"ఉన్నాయండి. పులి పద్ధతిలో మొదట ఒక మాట అంటారు. ఆ మాట నా నోటితో నేననను. కమిటీ పద్ధతి మన కార్యదర్శి గారు కనిపెట్టారు. దాంతోనే దిగుబడి రెట్టింపైంది. ఏ పద్ధతో కార్యదర్శి గారినే చెప్పమనండి."

కొంగ రెండో కన్ను కూడా తెరిచి నక్క వైపు తిప్పింది. పులి పద్ధతి అంటే నక్క పులి మనిషి అవుతుంది. కమిటీ పద్ధతి అంటే ఏమవుతుందో దానికి అప్పుడే లీలగా తెలుస్తోంది. మెడలో బిళ్ల మాత్రం ఎండకి తళతళలాడుతోంది.

"కమిటీ పద్ధతే" అంది నక్క, పళ్ల సందుల్లోంచి.

"కమిటీ పద్ధతే!" అంది చిలుక.

సోమయ్య చిన్న కుప్పల్ని వరసగా కొలిచి గోతాల్లో పోశాడు. ఒక్కో కుప్పకి ఒక్క కుంచం, ఒక్కో కుంచానికి "రెండు". నూరు కుప్పలు కాగానే ఆపి "రెండు వందలండి" అన్నాడు. కొంగ కళ్లు మూసుకునే లెక్క సరిచూసుకుని, సరేనని కాగితం మీద కాలిముద్ర వేసింది. రెండు వందల కుంచాల బరువు ఇంత తేలికగా ఉందేమిటని గాడిదలు ఆశ్చర్యపోయాయి. కొత్త వ్యవస్థలో ధాన్యం తేలికైందని చిలుక వాటికి వివరించింది.

కళ్లంలో నూరు కుంచాలు మిగిలాయి. నిజం పంటలో నిజం సగం. 

పది రోజులకి కొంగ మళ్లీ వచ్చింది. పై కమిటీలో అందరూ ఏనుగులే. వాటికి ఉపన్యాసాల్లో లెక్క రెండు నుంచి మొదలుపెట్టడం వచ్చు గానీ, వాటి కడుపులకి ఆ లెక్క రాలేదు. రెండు నెలలకి రావలసిన జొన్న ఒక నెలకే చాలదనిపించింది.

"సగం ఏమైంది?" అంది కొంగ.

"మీరే కొలిపించుకున్నారు కదండి" అన్నాడు సోమయ్య. "మీకు రెండు వందలు, మాకు రెండు వందలు. కావాలంటే మావీ కొలిచి చూపిస్తాను. రెండు, రెండు, రెండు..."

"ఆపు!" అని నక్క ముందుకు దూకింది. తప్పు తన మీదికి వచ్చేలోగా ఎలుగు మీదికి తోసెయ్యాలని దాని తొందర. "ఇదంతా వీడి మోసం! లాభం అని మొదలుపెట్టి కొలిస్తే ఇక్కడున్నవి వందే, చెప్పినదాంట్లో సగమే! మొదటి రోజు నుంచీ అంతే!"

"లాభం అని మొదలుపెట్టి కొలిస్తే!" అంది చిలుక, కొండదాకా వినపడేట్టు. "మొదటి రోజు నుంచీ అంతే!"

కొంగ రెండో కాలు కూడా నేలకి దించింది. అది కాలు దించడం ఎవరూ అంతవరకు చూడలేదు.

"మొదటి రోజు నుంచీ తెలుసన్నమాట" అంది కొంగ. "బిళ్ల ఇటివ్వండి."

ఆ సాయంత్రం నక్క అందరి ముందూ నిలబడి ఆత్మవిమర్శ చేసుకుంది. పులి పారిపోయిన రోజున తను చెట్టు తొర్రలో ఉన్నానని కూడా ఒప్పుకుంది. మర్నాటి నుంచి చిలుక చరిత్రలో ఎద్దుల ముందు నడిచింది కొంగ. నక్కని కళ్లం ఊడ్చే పనికి పెట్టారు. మూతికి చిక్కం కట్టారు. సొంత చిక్కమే.

తొలకరి పడింది. చుక్కన్న నాగలి లాగాడు, సోమయ్య వెనకాల విత్తనం చల్లాడు. మొదటి పిడికెడు గింజలు నాగటి చాల్లో పడేటప్పుడు సోమయ్య ఎద్దు చెవి దగ్గరకు వంగి, చిలుకకి వినపడకుండా, "లాభం" అన్నాడు. ముసలి ఎద్దుకి కళ్లనీళ్లు తిరిగాయి. అవి మాత్రం నిజంగా ఆనందబాష్పాలే.

కళ్లం ఊడ్చేవాళ్లకి నెల బత్తెం ఏడు దోసిళ్ల జొన్నలు. నక్క జొన్నలు తింటుందా అని అడక్కండి, ఆ రోజుల్లో అందరూ జొన్నలే తినేవారు. నెలాఖరున నక్క గుడ్డ పరిచింది. ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది గనక సోమయ్య మొదటి దోసిలి పోసి "రెండు" అన్నాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు అంటూ పోసి, ఆఖరి దోసిలి కూడా పోసి చేతులు దులుపుకున్నాడు.

"ఒక దోసిలి తక్కువైంది సోమయ్యా" అంది నక్క.

"ఏది తక్కువైందండి?"

తక్కువైనదాని పేరు చెప్పడానికి నక్క నోరు తెరిచింది. చెట్టుమీద చిలుక మెడ సాచింది. నక్క నోరు మూసుకుంది.

"సరే, ఆరు తర్వాత ఈ ఆఖరిదాన్నేమంటారు?" అంది నీరసంగా.

"ఏడు."

"కాస్త మర్యాదగా మాట్లాడు. కార్యదర్శిగా చేసినవాణ్ణి."

"ఆ అంకెకి మర్యాదమాట లేదండి. ఉన్నదున్నట్టు అనమని మీరే సెలవిచ్చారు" అన్నాడు సోమయ్య.

నక్క ఏడ్చింది.

నీతి: దొంగ కొలత తెచ్చినవాడి కూడు కూడా ఆ కొలతతోనే కొలుస్తారు.